ఫిడేలు మీద ఒలీటా పుల్లలు

పదకొండో భాగం

పోయిన వారం చదవనివాళ్ళు పెద్దగా నష్టపోయింది లేదు. జరిగింది కొంచెమే. నా భార్య ఒలీటా మంచు కురిసే రోజుల్లో పోయింది. సమాధి దగ్గర ఒక్క పాట వాయిద్దామని నేను ఫిడేలు ఎత్తితే, నా తోడల్లుడు కార్బెట్ వచ్చి కమాను మీద చెయ్యి వేసి ఆపాడు. అతను ఒలీటా అక్క జెల్మా మొగుడు. చర్చి సంఘపెద్ద. వాళ్ళ సంఘంలో ఫిడేలును దయ్యాల పెట్టె అంటారు. నేను ఆ చేతిని మరిచిపోలేదు. ఫిడేలును మంచం కిందికి తోశాను. కార్బెట్‌తో మాట మానేశాను. పాత బడిలో శనివారం జరిగే పాటల సభకు రమ్మని ఊరివాళ్ళు కబురు మీద కబురు పెడుతున్నారు. వస్తాననలేదు, రాననలేదు. అంతవరకు వచ్చాం.

గురువారం పొద్దున లోయ లేదు. పొగమంచు దాన్ని మింగేసింది. కొండలు పోయాయి, వాగు పోయింది, పక్కింటి పొగగొట్టం పోయింది. వంటింటి కిటికీ దగ్గర నేనూ, కాఫీ గిన్నే, రేడియో మిగిలాం. అలాంటి పొద్దుల్లో రేడియో గొంతు పెట్టెలోంచి వచ్చినట్టు ఉండదు. మంచే మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

రేడియోలో వార్తలు చదివే లోవెల్ ఆ వారం పోయినవాళ్ళ పేర్లు చదివాడు. తర్వాత తప్పిపోయిన కుక్కల సంగతి. తర్వాత రాబోయే పాటల సభలు. మూడింటికీ అతనిది ఒకటే గొంతు. శుక్రవారం నది అవతలి పొగాకు గిడ్డంగిలో బ్లూస్ పాడే పెద్దాయన దక్షిణం నుంచి వస్తున్నాడట, కుర్చీలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలట. ఆదివారం సంత మైదానంలో బాంజో వాయించే అక్కచెల్లెళ్ళట, వాన పడకపోతే. నేను గిన్నె కడుగుతున్నాను.

"శనివారం సాయంత్రం పాత బడిలో, ఎప్పటిలాగే," అన్నాడు లోవెల్. "ఫిడేలు, హోబర్ట్ రాట్లిఫ్. పుల్లలు, ఒలీటా రాట్లిఫ్."

చలికాలంలో ఆమె చావు చదివింది కూడా ఈ గొంతే.

నీళ్ళు అలాగే పారుతున్నాయి. ఒక్క క్షణం, ఎంత సిగ్గుమాలిన క్షణమో చెప్పలేను, నేను వెనక్కి తిరిగి పడకగది వైపు చూశాను. పేరు పిలిచారు కదా, లేచి వస్తుందేమో అన్నట్టు.

మా వైపు ఫిడేలు ఇద్దరు వాయిస్తారు. ఒకరు కమాను లాగుతారు. ఇంకొకరు ఎదురుగా నిలబడి, రెండు చీపురు పుల్లలతో అవే తీగల మీద తాళం వేస్తారు, కమానుకూ వేళ్ళకూ మధ్య ఉన్న కాస్త చోట్లో. పుల్ల ఎక్కువ నొక్కితే పాట చస్తుంది. తక్కువైతే అక్కడ ఎవరూ లేనట్టే. వాయించేవాడి ఊపిరి కొట్టేవాళ్ళ మణికట్టు మీద పడుతుంది. అంత దగ్గర. పెళ్ళైన నాటి నుంచి ఆ చోట్లో ఒలీటా తప్ప ఇంకెవరూ నిలబడలేదు. ఆమె కొడుతుంటే రేకుల కప్పు మీద వాన మొదలైనట్టు ఉండేది. ఆ వానలో నేను ఎన్ని రాత్రులు కళ్ళు మూసుకుని నడిచానో.

ఫిడేలును మంచం కింద నుంచి లాగాను. ఎందుకు లాగానో అప్పుడు తెలియదు. ట్రక్కులో పక్క సీటు మీద పెట్టాను. అది ఆమె సీటు.

రేడియో స్టేషన్ అంటే టౌను చివర ఒక గది, దాని మీద ఒక స్తంభం. లోవెల్ బిస్కట్ రొట్టెను గ్రేవీలో ముంచుకుని తింటున్నాడు. నన్ను చూసి తినడం ఆపాడు.

"మతి పోయిందా నీకు?" అన్నాను.

"పోతే బాగుండు. నేను చదవనన్నాను హోబర్ట్. ఒట్టు. పోయినామె పేరు పాటల్లో చదివితే జనం నన్ను రాళ్ళతో కొడతారన్నాను. 'చదువు, రాళ్ళు నాకు వదిలెయ్' అన్నాడు."

"ఎవడు?"

లోవెల్ గ్రేవీ వైపు చూశాడు. అతను మంచివాడే. మంచివాళ్ళందరిలాగే పిరికివాడు.

"ఫోన్లో చెప్పాడు. రెండుసార్లు చెప్పించుకున్నాను, సరిగ్గా విన్నానో లేదో అని. మీ తోడల్లుడు."

నేను కుర్చీ తన్నలేదు. అరవలేదు. అరిచేవాళ్ళకు కోపం తొందరగా దిగిపోతుంది. నాది దిగడం నాకు ఇష్టం లేదు. నేను బయటికి వస్తుంటే లోవెల్ వెనక నుంచి అడిగాడు, శనివారం వస్తున్నట్టా రానట్టా, మధ్యాహ్నం మళ్ళీ చదవాలి అని. తలుపు వేశాను.

వాళ్ళ మందిరం లారెల్ వాగు ఒడ్డున ఉంది. తెల్ల చెక్కల గది. గంట లేదు, శిలువ లేదు, రంగు అద్దాలు లేవు. లోపల వాద్యం అనేది మోగలేదు ఎన్నడూ. వాళ్ళు పాటను గొంతుతోనే పాడతారు. సంఘపెద్ద ఒక వరస అంటాడు, మిగతా జనం దాన్ని పట్టుకుని సాగదీస్తారు, కొండవాలున పొగ సాగినట్టు. ఒలీటా ఆ సంఘంలో పుట్టింది కాని చేరలేదు. చేరితే పుల్లలు వదిలెయ్యాలి. బాప్తిస్మం తీసుకున్న మర్నాడే ఫిడేలును అటక ఎక్కించినవాడు మా లోయలో ఇంటికొకడు ఉన్నాడు. ఆమె వదలనంది. మందిరం బయట కారులో కూర్చుని, అద్దం దించుకుని వినేది.

శనివారం పొద్దున వాళ్ళ సంఘం పనుల సమావేశం. దానికి ముందు పెద్దలు వంతుల వారీగా మందిరం ఊడుస్తారు. ఈసారి కార్బెట్ వంతు. తలుపు తెరిచే ఉంది. అప్పుడు తెలిసింది నాకు, ఫిడేలు ఎందుకు తెచ్చానో.

ఆయన నన్ను సమాధి దగ్గర ఆపాడు. నేను దాన్ని వాళ్ళ మందిరంలోకి తీసుకుపోతాను. పెట్టెలో కాదు. బయటికి తీసి, మెడ పట్టుకుని, అందరికీ కనపడేలా. అందరూ అంటే ఆయన ఒక్కడే అయినా సరే.

గడప దాటాను. నా బూట్లు ఆ నేల మీద పెద్దగా చప్పుడు చేశాయి.

కార్బెట్ చీపురు పట్టుకుని బల్లల మధ్య నిలబడి ఉన్నాడు. ముసలివాడైపోయాడు. గనిలో దుమ్ము తిన్న ఊపిరితిత్తులు, ఊడ్చే పనికే ఈల వేస్తున్నాయి. ఫిడేలును చూశాడు. నా మొహం చూశాడు. బయటికి పొమ్మంటాడని ఎదురు చూశాను. ఆ మాట కోసమే వచ్చాను. పొమ్మంటే చాలు, ఇంక జీవితాంతం ఆ మాట మీద బతికేయొచ్చు.

ఆయన నా పక్క నుంచి నడిచి వెళ్ళి తలుపు మూశాడు.

"వస్తావనుకున్నాను," అన్నాడు. "ఆ పేరు చదివితే వస్తావు. నాది చదివితే రావు."

"నీ పేరా?"

"పుల్లలు కొట్టేది నేనే."

నేను నవ్వాను. ఆ మందిరంలో ఎవరూ అలా నవ్వి ఉండరు. నీకు తాళం గురించి ఏం తెలుసన్నాను. నోటితో స్వర్గం అమ్ముకునేవాడివి, నీ చేతికేం తెలుసన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయను, సగం నిజాలు. ఆయన చీపురును తిరగేసి, కట్టలోంచి ఒక పుల్ల లాగి, వంచి చూసి పారేశాడు. ఇంకొకటి లాగాడు. ఉంచుకున్నాడు. ఇంకొకటి. పుల్లను అలా వంచి చూడటం నేను వేరే చేతుల్లో వేల సార్లు చూశాను.

"జెల్మాను చూడటానికి వాళ్ళ నాన్న ఇంటికి వెళ్ళే రోజుల్లో," అన్నాడు, "ఆయన ఫిడేలుకు నేనే కొట్టేవాణ్ణి. అప్పటికి నేను ఇంకా నీళ్ళలో మునగలేదు. ఒలీటా చిన్నపిల్ల. పక్కన నిలబడి చూసేది. బాప్తిస్మం తీసుకున్న రోజు నా పుల్లలు దాని చేతిలో పెట్టి వెళ్ళిపోయాను. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. అన్నేళ్ళ కాపురంలో చెప్పలేదు.

"వాయించు," అన్నాడు.

"ఇక్కడా?"

"నువ్వు తెచ్చిందే ఇక్కడికి."

ఫిడేలు శ్రుతి తప్పి ఉంది. నెలల తరబడి మంచం కింద ఉన్నది శ్రుతిలో ఎందుకు ఉంటుంది. బిగించాను. 'మబ్బుగుర్రం' ఎత్తుకున్నాను. అది మా మామ, ఒలీటా నాన్న, కట్టిన పాట, బయట ఎవరికీ రాదు. కార్బెట్ అందుకోలేకపోవాలని కావాలనే వేగంగా ఎత్తుకున్నాను.

కార్బెట్ నా ఎదుటికి వచ్చి నిలబడ్డాడు. ఆ చోట్లో. నా ఊపిరి ఆయన మణికట్టు మీద పడింది. కమాను విసిరికొట్టాలనిపించింది.

పుల్లలు దిగాయి.

వాన మొదలైంది.

ఎలా చెప్పాలో తెలియదు, ఉన్నదున్నట్టు చెబుతాను. నేను కళ్ళు మూసుకున్నాను. మూసుకోగానే మందిరం లేదు. మా ఇంటి వసారా ఉంది. మిణుగురులు ఉన్నాయి. ఆమె చేతిలో సబ్బు వాసన ఉంది. నేను వేగం పెంచితే వాన పెరిగింది, తగ్గిస్తే తగ్గింది. పాట రెండో భాగంలో ఒలీటా ఒక పని చేసేది. మూడు దెబ్బలు కొట్టి, నాలుగో దెబ్బను ఆపేది. పుల్ల గాలిలో ఉండేది. నేను తలెత్తి తన కళ్ళలోకి చూస్తే గాని దించేది కాదు. అది తాళంలో లేదు. పాటలో లేదు. మా ఇద్దరిదీ. సభల్లో వందల మంది ముందు ఆ పని చేసినా, ఎవరికీ తెలిసేది కాదు.

మూడు దెబ్బలు పడ్డాయి. నాలుగోది పడలేదు.

నేను తలెత్తాను. ఎత్తకుండా ఉండలేకపోయాను, నా మెడకు అంత అలవాటు. కళ్ళు తెరిచాను. గనిమసి ఇంకిన ముడతల్లో కార్బెట్ కళ్ళు నన్నే చూస్తున్నాయి.

నాలుగో దెబ్బ పడింది.

నేను కమాను దించేశాను.

"అది నువ్వు నేర్పింది కాదు," అన్నాను.

"కాదు. ఆమె నాకు నేర్పింది." ఆయన బల్ల మీద కూర్చున్నాడు. ఊపిరి అందే దాకా ఆగాడు. "పోయిన ఆకురాలు కాలంలో. ఈ బల్ల అంచు మీద. ఇద్దరం పుల్లలు పట్టుకుని."

ఆకురాలు కాలంలో ఒలీటా మంగళవారాలు జెల్మాతో ఇక్కడికి వచ్చేది. డాక్టర్లు చేతులెత్తేశారు. సంఘపెద్దతో ప్రార్థన చేయించుకుంటానంది. నాకు ఇష్టం లేకపోయినా నోరు మూసుకున్నాను. చచ్చేవాళ్ళు ఏ తలుపు తట్టినా పరవాలేదనుకున్నాను. సాయంత్రం తిరిగి వచ్చాక బుగ్గల్లో కాస్త రంగు ఉండేది. దేవుడి పనేమోనని ఒక్కోసారి అనుమానించాను కూడా.

"తను పోతే నువ్వు ఫిడేలు ముట్టవని దాని భయం," అన్నాడు కార్బెట్. "ఆ చోట్లో నిలబడటానికి చెయ్యి తెలిసినవాడు లోయలో నేనొక్కణ్ణే మిగిలాను. నేను కుదరదన్నాను. నా ప్రమాణం సంగతి చెప్పాను. అది విని నవ్వి, పుల్ల నా చేతిలో పెట్టింది. చిన్నప్పుడు దాని చేతిలో నేను పెట్టినట్టే."

"మరి సమాధి దగ్గర?"

వాగు చప్పుడు గోడల్లోంచి వచ్చింది.

"మీ నాన్న ఏం చేశాడు?" అని అడిగాడు.

మా నాన్న మా అమ్మ సమాధి దగ్గర వాయించాడు. ఇంటికి వచ్చి ఫిడేలును గోడకు తగిలించాడు. చచ్చేదాకా దించలేదు. ఆ సంగతి ఒలీటాకు నేనే చెప్పాను, పెళ్ళైన కొత్తలో.

"'ఆ రోజు వాయించనివ్వకు' అంది," అన్నాడు కార్బెట్. "'సమాధి దగ్గర వాయిస్తే ఆ పాట అయిపోతుంది. అవకుండా ఆపు. నిన్ను తిట్టుకుంటాడు, తిట్టుకోనీ' అంది."

ఇక్కడ నా కళ్ళు తడిశాయనీ, ఆయన్ని కౌగిలించుకున్నాననీ రాస్తే చదివేవాళ్ళకు హాయిగా ఉంటుంది. అలాంటిదేం జరగలేదు. నాకు ఒళ్ళు మండింది. నా దుఃఖాన్ని నన్ను అడగకుండా ఇద్దరు కూర్చుని కత్తిరించి కుట్టారు. ఒకామె పోయింది, తిట్టడానికి లేదు. ఒకడు ఎదురుగా ఉన్నాడు. నెలల తరబడి నేను ఇతన్ని ద్వేషించి బతికాను. ఆ ద్వేషాన్ని కూడా ఆమే నాకు వండి మూత పెట్టి వెళ్ళిందని ఇప్పుడు చెబుతున్నాడు.

ఆ మాటే అన్నాను. కార్బెట్ తల ఊపాడు.

"శనివారం పొద్దున సంఘం ముందు లేచి నేనే ఒప్పుకుంటాను. వెలివేస్తారు. వేయనీ. సాయంత్రం బడికి వస్తాను. నువ్వు వస్తే నీ ఎదుట నిలబడతాను. రాకపోతే," అని చేతిలో పుల్లల్ని చూసుకున్నాడు, "నాకు ఇదీ ఉండదు, అదీ ఉండదు. నీ ఇష్టం."

నేను రాను అని చెప్పడానికే నోరు తెరిచాను. అప్పుడు వెనక బల్లల వైపు చెక్క కిర్రుమంది.

పక్క తలుపు సంగతి మేమిద్దరం మరిచిపోయాం. ఆడవాళ్ళు వచ్చే తలుపు. జెల్మా అక్కడ నిలబడి ఉంది. చేతిలో మొగుడికి తెచ్చిన అన్నం డబ్బా. మొక్కజొన్న రొట్టె వాసన అప్పుడు తెలిసింది, అది ఎంతసేపటి నుంచి గదిలో ఉందో.

ఒలీటాకూ ఆమెకూ నుదురు ఒకటే. అందుకే నేను ఆమెను తిన్నగా చూడను.

"మంగళవారాలు," అంది జెల్మా. "నేను వాగు ఒడ్డున కూర్చునేదాన్ని. మీ ప్రార్థనకు అడ్డం రాకూడదని. చలిలో."

"జెల్మా," అన్నాడు కార్బెట్.

"నీళ్ళ చప్పుడులో ఏమీ వినపడేది కాదు. వినపడకపోయినా నేనూ అక్కడే కళ్ళు మూసుకునేదాన్ని. నా చెల్లెలు దేవుడికి దగ్గరవుతోందని." ఆమె డబ్బాను బల్ల మీద పెట్టింది. చాలా జాగ్రత్తగా, నిండుకుండను పెట్టినట్టు. "దాన్ని పూడ్చాక ఎవరు అడిగినా అదే చెప్పాను. సంఘంలో చేరకపోయినా చివర్లో ప్రార్థన చేసుకుందని. అది నమ్ముకునే నిద్రపోతున్నాను. ఇప్పుడు చెప్పు. ఒక్కసారైనా చేసిందా?"

ముప్పై ఏళ్ళు ఆ గదిలో ఆగకుండా మాట్లాడినవాడు కార్బెట్. పెళ్ళిళ్ళకు, చావులకు, వరదలకు, గని కూలిన రోజుకు, అన్నిటికీ ఆయన దగ్గర మాట ఉండేది. ఇప్పుడు ఆయన పెదవులు కదిలాయి, అంతే.

జెల్మా నా వైపు తిరిగింది. నన్ను తిడుతుందనుకున్నాను. మందిరంలోకి దయ్యాల పెట్టె తెచ్చినందుకు తిట్టే హక్కు ఆమెకు ఉంది.

"ఇందాక వాయించిందేనా నా చెల్లెలు నేర్పింది?" అని అడిగింది.

"అదే, వదినా."

"మధ్యలో ఆగింది ఒకచోట. ఆగి, మళ్ళీ పడింది."

విన్నది. మా ఇద్దరిదనుకున్నదాన్ని ఆ తలుపు దగ్గర నిలబడి ఆమె కూడా విన్నది.

"శనివారం పొద్దున ఈయన లేవడు," అంది. "నేను లేస్తాను. జరిగింది చెబుతాను. నువ్వు రావాలి హోబర్ట్. ఆ ఫిడేలు తీసుకుని రావాలి. నా చెల్లెలు ఈ గదిలో ఏం చేసిందో సంఘం మొత్తం వినాలి. విని, అది ప్రార్థనో కాదో వాళ్ళే చెప్పాలి."

జవాబు కోసం ఆగలేదు. వచ్చిన తలుపు గుండానే వెళ్ళిపోయింది. బయట మంచు విడుతోంది. వాగు వైపు నడిచి వెళ్తున్న ఆమె వీపు కాసేపు కనపడింది. తర్వాత వెలుగులో కలిసిపోయింది.

కార్బెట్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. కమాను మీద పడిన చెయ్యే.

"సాయంత్రం బడికి రా," అన్నాడు. "రాకపోయినా నీ ఇష్టం. కాని పొద్దున మాత్రం ఇక్కడికి రావద్దు. నిన్ను బతిమాలుతున్నాను హోబర్ట్. ఆ జనం నాకు తెలుసు. వాళ్ళు అది ప్రార్థన కాదనే అంటారు. కాదంటే, జెల్మా తన చెల్లెల్ని ఇంకోసారి పూడ్చాలి."